కూలగొట్టేలోపు పాత ఇంటిని రికార్డు చేయడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

మా అమ్మమ్మ వాళ్ల ఇల్లు దేవరకొండ దగ్గర ఒక ఊళ్లో ఉండేది. రోడ్డు వెడల్పులో పోయింది. కూల్చడానికి వారం ముందు వెళ్లి నాలుగు వందల ఫోటోలు తీశాను. మంచి పని చేశాననుకున్నాను. ఏడాది తర్వాత తీరిగ్గా కూర్చుని చూస్తే మూడు వందల పైచిలుకు ముందు దర్వాజావి, లోపలి చెక్కడపు కంబాలవి. వంటింటిది ఒక్కటీ లేదు. పొయ్యి ఏ మూలన ఉండేదని అడిగితే మా అమ్మ ఒకటి చెబుతుంది, పెద్దమ్మ ఇంకోటి చెబుతుంది, మేనమామ ఇద్దరిదీ తప్పంటాడు. తేల్చడానికి ఇప్పుడు ఇల్లు లేదు.

నేను సివిల్ డిప్లొమా చదివి సైట్ల మీద పనిచేసేవాణ్ని. ఆ తర్వాత నల్లగొండ, పాలమూరు, నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు ఆదివారాలు వెళ్లి కొన్ని పాత ఇళ్లు కొలిచాను. ఆ పనిలో జనం నన్ను మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలివి.

ఎలాంటి ఇళ్లను రికార్డు చేయాలి? మాది గడి (దొరల కోటలాంటి ఇల్లు) కాదు, మామూలు మిద్దె.

మామూలు మిద్దెనే ముందు చేయండి. గద్వాల కోటకు, దేవరకొండ కోటకు, కొల్లాపూర్ ప్యాలెస్‌కు ఫోటోలు తీసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. నడిగడ్డలో (కృష్ణా, తుంగభద్రల మధ్య గద్వాల ప్రాంతం) దూలాల మీద కట్టెలు పరిచి, పైన చౌడు మన్ను పోసిన మట్టి మిద్దెను, వెలుతురు కోసం కప్పులో వదిలిన గవాక్షిని, నల్లగొండ వైపు గూన పెంకుల ఇంటిని, మధ్యలో ఆకాశం కనిపించే లోగిలిని ఎవరూ పట్టించుకోరు. ఆ మిద్దె మీద ఏటా వానలకు ముందు మన్ను ఎలా పోసేవారో చెప్పగలిగిన మనుషులే ఊరికి ఇద్దరు ముగ్గురు మిగిలారు.

రికార్డు చేస్తే కూల్చడం ఆగుతుందా?

ఆగదు. ఈ రెండూ వేరు వేరు పనులు. ఇల్లు సొంతదారుడిది, అమ్మినా కూల్చినా అతని ఇష్టం. ప్రభుత్వం రక్షిత కట్టడంగా ప్రకటిస్తే సంగతి వేరు. కేంద్రం ప్రకటించిన కట్టడాల చుట్టూ వంద మీటర్ల లోపు కొత్తగా ఏమీ కట్టనివ్వరు, ఆ పైన మరో రెండు వందల మీటర్లలో అనుమతితో కట్టుకోవచ్చు. 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ఇది. మన రాష్ట్రానికి 2017లో సొంత హెరిటేజ్ చట్టం వచ్చింది. మీ ఊరి కట్టడానికి ఆ అర్హత ఉందనిపిస్తే కలెక్టరుకు, హెరిటేజ్ తెలంగాణ శాఖకు అర్జీ పెట్టండి. అర్జీ మీద జవాబు వచ్చేదాకా టేపు పక్కన పెట్టి కూర్చోవద్దు. నేను ఒకసారి అలా కూర్చున్నాను. జవాబు కంటే జేసీబీ ముందు వచ్చింది.

ఇంకో లాభం కూడా ఉంది. రోడ్డుకో రిజర్వాయర్‌కో భూసేకరణలో ఇల్లు పోతుంటే, 2013 చట్టం ప్రకారం భూమితోపాటు దాని మీది కట్టడానికీ విలువ కడతారు. లెక్క కట్టడానికి ఇంజినీరు వచ్చినప్పుడు మీ దగ్గర కొలతలు, తేదీ ఉన్న ఫోటోలు ఉంటే, గోడ మందం దగ్గర, టేకు దూలాల సంఖ్య దగ్గర మీ మాట నిలుస్తుంది. "చరిత్ర కోసం" అంటే మొహం తిప్పుకున్న ఇంటివాళ్లు ఈ మాట చెప్పగానే తాళం తీసిన సందర్భాలు ఉన్నాయి.

మాది ముంపు ఊరు. ఊరంతా పోతోంది. ఒక్క ఇల్లు రికార్డు చేసి ఏం లాభం?

కృష్ణ ఒడ్డున మనకు ఈ అనుభవం కొత్తది కాదు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. నాగార్జునకొండ లోయలో అప్పటికే తవ్వకాలు నడుస్తున్నాయి. దొరికిన ఇక్ష్వాకుల నాటి కట్టడాల్లో కొన్నింటిని కొండ మీద తిరిగి నిలబెట్టారు. నల్లగొండ వైపు ఏలేశ్వరంలో కూడా నీళ్లు రాకముందు తవ్వి చూశారు. శ్రీశైలం జలాశయం కింద పోతుందని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి ఆలంపురంలో కట్టారు. సోమశిల దగ్గర కూడా అలా తరలించిన గుళ్లే కనిపిస్తాయి.

గమనించండి, తరలినవి ఎక్కువగా గుళ్లూ, స్తూపాలూ. ఆ గుడికి నూనె పోసిన గాండ్ల ఇల్లు, పూజారి ఇల్లు, రేవు దగ్గరి పుట్టి నడిపేవాళ్ల గుడిసె ఎలా ఉండేవో ఎవరూ కొలవలేదు. ఉదండాపూర్, చర్లగూడెం రిజర్వాయర్ల కింద ఊళ్లు పోతున్న ఈ కాలంలో ప్రతివాడి జేబులో కెమెరా ఉంది. ఊరంతా చేయలేకపోతే ఒక్కో రకానిది ఒక్క ఇల్లు చేయండి. ఒక కాపోళ్ల ఇల్లు, ఒక కుమ్మరి ఇల్లు, ఒక మాదిగ ఇల్లు, ఒక దుకాణం, ఊరి చావడి. ఊరి వీధుల పటం చేత్తో గీసి, ఏ ఇల్లు ఎవరిదో రాయండి. ఈ పటం ఒక్కటి ఉన్నా నేను సగం పని అయిందంటాను.

దొరల గడిని ఎందుకు దాచాలి? కూలితేనే మంచిది కదా?

నన్ను అందరికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టిన ప్రశ్న ఇదే. నల్లగొండ జిల్లాలో ఒక పెద్దాయన నా టేపు చూసి, "మా నాయిన ఈ గడి ముంగట చెప్పులు చేతిల పట్టుకొని నడిసిండు. దీన్ని కొల్సి ఏం జేస్తవ్ బిడ్డా?" అన్నాడు. ఏం చెప్పాలో తోచలేదు. వెట్టి, నాగుళ్లు (ధాన్యం అప్పుల మీద పిండిన వడ్డీ), 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటం, ఇవన్నీ ఈ జిల్లాల్లో గడి చుట్టూ తిరిగిన చరిత్రే. గడి కూలుతుంటే చప్పట్లు కొట్టే హక్కు ఆయనకు ఉంది.

అయినా ఇప్పుడు ఒక జవాబు ఉంది నా దగ్గర. గడి పోతే దొర మీద ఉన్న సాక్ష్యం కూడా పోతుంది. ఎత్తయిన కమాను, నగిషీ కంబాలు ఎలాగూ ఎవరి ఫోటోలోనో ఉంటాయి. వెట్టికి వచ్చినవాళ్లు ఏ దారిన వచ్చేవారు, ఎక్కడ నిలబడేవారు, ఎక్కడిదాకా రానిచ్చేవారు, ధాన్యం కొలిచే చోటు ఏది, పంచాయితీ జరిగేటప్పుడు దొర ఎంత ఎత్తు అరుగు మీద కూర్చునేవాడు, ఎదుటివాడు ఎంత కింద ఉండేవాడు, ఇవి మాత్రం కొలిస్తేనే తెలుస్తాయి. నేను చూసిన ఒక గడిలో ఆ అరుగు నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తు. కింద నిలబడ్డ మనిషి తల దొర మోకాళ్ల దగ్గరికి వస్తుంది. దానికి ఏ వ్యాఖ్యా అక్కర్లేదు, ఆ కొలత రాసి పెడితే చాలు.

అందుకే గడి అయితే వెనుక తలుపు నుంచి మొదలుపెడతాను. ముందు తలుపు దగ్గరికి సాయంత్రం వస్తాను, టైము మిగిలితే.

ఆ పెద్దాయన తర్వాత నాతో పాటు లోపలికి వచ్చాడు. జీవితంలో మొదటిసారి ఆ దర్వాజా దాటానన్నాడు.

ఒక్క రోజే టైముంది. ఏం చేయాలి?

ఉత్తరం దిక్కు చూసుకుని, చేత్తో ఇంటి ప్లాన్ గీయండి, గదులకు నంబర్లు వేయండి. తర్వాత ఒక్కో గదిలో నాలుగు మూలల్లో నిలబడి ఎదుటి మూలకు నాలుగు ఫోటోలు, నేలది ఒకటి, కప్పుది ఒకటి. ప్రతి గదికీ ఆరు. పది గదులుంటే అరవై. గంటన్నరలో ఇల్లంతా మీ చేతిలో ఉంటుంది. ఆ తర్వాత కొలతలు. అందం తర్వాత.

వెలుతురు ఉన్నప్పుడే లోపలి గదులు పూర్తి చేయండి. పాత ఇళ్లలో కరెంటు ఎప్పుడో పీకేసి ఉంటారు.

ఎవరి అనుమతి కావాలి?

ఇంటివాళ్లది. పంచుకున్న అన్నదమ్ములు నలుగురుంటే నలుగురిదీ. ఒకరు సరే అన్నారని లోపలికి వెళ్తే ఇంకొకరు వచ్చి "కొలతలు ఎందుకు, కేసు వేస్తున్నారా?" అని నిలదీస్తారు. భాగాల గొడవ ఉన్న ఇంట్లో టేపు తీయడం అంటే నిప్పుతో చెలగాటమే. ముందే ఊరి పెద్దమనిషి ఎవరినైనా వెంట తీసుకెళ్లండి. ఇల్లు ఇప్పటికే సేకరణలో ప్రభుత్వానికి వెళ్లిపోయి ఉంటే తహసీల్దారు ఆఫీసులో ఒక కాగితం ఇచ్చి, ముద్ర వేయించుకుని జేబులో పెట్టుకోండి.

ఏ సామాను కావాలి?

30 మీటర్ల టేపు ఒకటి, 5 మీటర్లది ఒకటి. అట్ట గట్టిగా ఉన్న నోటుబుక్కు, పెన్సిల్ (పెన్ను కాదు, చెమటకు ఇంకు పాకుతుంది). టార్చిలైటు. మేస్త్రీలు వాడే తూకం గుండు. మీటరు పొడవు కర్ర ఒకటి, పది సెంటీమీటర్లకోసారి నలుపు తెలుపు పట్టీలు వేసి. ఫోటోలో గోడ పక్కన ఆ కర్ర నిలబెడితే కొలత దానంతట అదే తెలుస్తుంది. నీళ్ల ట్యూబు ఉంటే నేల వాలు కూడా చూసుకోవచ్చు. లేజర్ మీటరు ఉంటే సుఖం, లేకపోతే ఏమీ మునగదు. మనుషులు మాత్రం ఇద్దరు కావాలి. టేపు రెండో కొస పట్టుకునేవాడు లేకపోతే మధ్యాహ్నానికే విసుగొస్తుంది.

గదిని సరిగ్గా కొలవడం ఎలా? నాలుగు గోడలు కొలిస్తే చాలదా?

చాలదు. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. పాత ఇళ్లలో మూలమట్టానికి సరిగ్గా ఉన్న గది దాదాపు ఉండదు. నాలుగు గోడలు రాసుకుని ఇంటికొచ్చి గీస్తే, కాగితం మీద చక్కటి పెట్టె వస్తుంది. అసలు గది మాత్రం ఒక పక్కకు ఒరిగి ఉంటుంది.

అందుకే రెండు కర్ణాలూ కొలవాలి. 12 అడుగులు, 9 అడుగులు ఉన్న గది మూలలు సరిగ్గా ఉంటే కర్ణం 15 అడుగులు రావాలి. ఒకటి 15 అడుగుల 2 అంగుళాలు, రెండోది 14 అడుగుల 10 అంగుళాలు వచ్చిందంటే గది ఒరిగిందన్నమాట, ఎటు ఒరిగిందో కూడా తెలిసిపోతుంది. ఈ రెండు అంకెలుంటే రేపు ఎవరైనా అదే గదిని కాగితం మీద మళ్లీ కట్టగలరు.

గోడ పొడవున తలుపులు, కిటికీలు, గూళ్లు ఉంటే ఒక్కోదాన్నీ విడిగా కొలవొద్దు. టేపును ఒక మూల నుంచి చివరిదాకా పరిచి పెట్టి, తలుపు ఎక్కడ మొదలైంది, ఎక్కడ అయిపోయింది, గూడు ఎక్కడ, అన్నీ ఒకే సున్నా నుంచి చదవండి. విడివిడిగా కొలిస్తే ఒక్కోచోట అర అంగుళం తప్పు చేరి, చివరకు అరడుగు తేడా వస్తుంది.

అడుగులా, మీటర్లా అన్నది మీ ఇష్టం. రెండూ కలపకండి. నేను సెంటీమీటర్లలో రాస్తాను. తర్వాత మాత్రం పాత లెక్కలోకి మార్చి చూస్తాను. ఎందుకంటే కట్టిన మేస్త్రీ మూరలు, జానల్లో ఆలోచించాడు. గోడ మందం 46 సెంటీమీటర్లు వస్తే అది ఒక మూర. దూలానికీ దూలానికీ మధ్య దూరం ఇంట్లో అన్నిచోట్లా ఒకటే వస్తే అది ఆ ఇంటి అంకణం. అంకణం ఎక్కడ మారిందో అక్కడ ఇంటిని తర్వాత పెంచారని అనుమానించండి. గోడల అతుకు చూడండి, పగులు నిలువుగా తిన్నగా ఉంటుంది.

గోడ మందం తలుపు దగ్గర కొలవండి. బయటి పొడవు ఒకసారి, లోపలి గదులన్నీ ప్లస్ గోడలన్నీ ఒకసారి. రెండూ కలవకపోతే ఎక్కడో తప్పు జరిగింది, లేదా ఎవరూ చెప్పని ఒక గది ఉంది. రెండోది కూడా ఒకసారి జరిగింది. గోడల మధ్య ధాన్యం దాచుకున్న సన్నటి సందు, తలుపు మూసి సున్నం పూసేశారు.

ఎత్తులు ఎలా? నిచ్చెన లేదు.

మా అమ్మమ్మ ఇంట్లో నేను చేసిన రెండో తప్పు ఇదే, ఎత్తులు ఒక్కటీ రాసుకోలేదు. మీటరు కర్ర గోడకు ఆనించి, దూరంగా వెళ్లి తిన్నగా ఫోటో తీయండి. లేదా గోడ రాతి వరసలు లెక్కపెట్టి, ఒక వరస ఎత్తుతో గుణించండి. కడప ఎత్తు, తలుపు ఎత్తు, గూడు నేల నుంచి ఎంత, అరుగు ఎంత, కప్పు అంచు ఎంత, మధ్య దూలం ఎంత, ఈ ఆరూ ఉంటే సెక్షన్ (ఇంటిని నిలువుగా కోసినట్టు చూపే బొమ్మ) గీయొచ్చు. గీసేటప్పుడు ఇల్లంతా 1:100 స్కేలులో, తలుపులు, కంబాలు 1:20లో పెట్టుకుంటే చూడ్డానికి బాగుంటుంది.

ఫోటోల గురించి ఒక్క మాటలో?

ఒక్క మాటలో కాదు. ముఖ్యంగా ఎవరూ తీయనివి తీయండి: అతుకులు, తలుపు వెనుక బేడెం (గడియ), కీలు ఉండాల్సిన చోట ఉన్న కట్టె కుసి, దంతె (కప్పు మోసే కట్టె) గోడలోకి దూరిన చోటు, పొగకు నల్లబడ్డ గోడ, రోలు పాతిన గుంత, చేదబావి గిలక, తాడు రాసి రాసి బావి రాయికి పడ్డ గాడులు, గాదె మూత, మరుగుదొడ్డి లేని ఇంట్లో స్నానానికి వేసిన బండ. నేలలో షాబాద్ బండలా, తాండూరువా, గచ్చా? గోడలో డంగు సున్నమా, మట్టా? అడిగి రాయండి.

ఎప్పుడూ తిన్నగా తీయండి. కెమెరాను పైకి ఎత్తితే గోడలు లోపలికి వాలినట్టు కనిపిస్తాయి. ఫోటో నంబరును ప్లాన్ మీద ఒక బాణం గుర్తుతో రాయండి, ఎటు చూస్తూ తీశారో తెలిసేలా. బాణం లేని ఫోటో రెండేళ్ల తర్వాత మీకే అర్థం కాదు.

వాట్సాప్‌లో పంపుకోవద్దు. సైజు తగ్గిపోతుంది, తేదీ, జీపీఎస్ వివరాలు పోతాయి. పంపక తప్పకపోతే డాక్యుమెంట్‌గా పంపండి.

3డి స్కాన్, డ్రోన్ అవసరమా?

ఉంటే మంచిదే. 2020 నుంచి ఐఫోన్ ప్రో మోడళ్లలో లైడార్ (కాంతితో దూరం కొలిచే సెన్సరు) వస్తోంది, కానీ అది అయిదు మీటర్ల దాకే చూస్తుంది, పెద్ద హాలులో తడబడుతుంది. మామూలు ఫోన్‌తో కూడా 3డి బొమ్మ చేయవచ్చు. ఒక ఫోటోలోది మూడొంతుల దాకా తర్వాతి ఫోటోలో కూడా పడేలా, ఒక్కో అడుగు జరుగుతూ తీయాలి. మధ్యలో మీటరు కర్ర కనిపించాలి, లేకపోతే బొమ్మ వస్తుంది కానీ అది అగ్గిపెట్టె అంత ఉందో, గడి అంత ఉందో చెప్పలేం.

250 గ్రాముల లోపు డ్రోన్‌కు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. ఎగరేసే ముందు అది రెడ్ జోనా (ప్రభుత్వ అనుమతి లేకుండా ఎగరేయకూడని చోటా) కాదా చూసుకోండి. అసలు ఊళ్లో డ్రోన్ ఎగిరితే పని చూడ్డానికి ఊరంతా వస్తుంది, ఇంక ఆ రోజు పని సాగదు.

నా అభిప్రాయం అడిగితే, ఫైలు పోవచ్చు, యాప్ మూతపడవచ్చు. పెన్సిలుతో గీసిన ప్లాన్ మాత్రం మీ మనవడు కూడా తెరవగలడు.

ఇల్లు ఎప్పుడు కట్టారో ఎలా తెలుస్తుంది? అందరూ "రెండు వందల ఏండ్లు" అంటారు.

అంటారు. నిజానికి చాలా ఇళ్లు వందకు కూడా రావు. దర్వాజా పైన, చెక్క పట్టీ మీద, బావి ఒరలో అంకెలు చెక్కి ఉంటాయేమో వెతకండి. చిక్కు ఏమిటంటే ఆ అంకె ఏ లెక్కలోదో ముందు తేల్చుకోవాలి. నిజాం రాజ్యంలో సర్కారు లెక్క ఫసలీ. దానికి 590 కలిపితే ఇంచుమించు ఇంగ్లీషు ఏడాది వస్తుంది. శక సంవత్సరం అయితే 78 కలపాలి. హిజ్రీ అయితే చాంద్రమానం కాబట్టి ఇలా తేలిగ్గా కూడదు, పట్టిక చూడాలి.

ఒక ఉదాహరణ. దర్వాజా మీద "1346" అని, పక్కన "ధాత" అని ఉందనుకుందాం. 1346కు 590 కలిపితే 1936. అప్పట్లో ఇక్కడి ఫసలీ ఏడాది అక్టోబరు మొదట్లో మొదలయ్యేది, అంటే 1936 అక్టోబరు నుంచి 1937 అక్టోబరు దాకా. ధాత సంవత్సరం 1936 ఉగాది నుంచి 1937 ఉగాది దాకా. రెండూ కలిసేది 1936 అక్టోబరుకూ, 1937 ఉగాదికీ మధ్య. ఒక్క చెక్క ముక్క మీది రెండు మాటలతో ఆరు నెలల్లోకి తేల్చేశాం. కోతలు అయ్యాక, పెళ్లిళ్ల ముందు గృహప్రవేశం చేసుంటారని ఇంటివాళ్లు అప్పుడు వాళ్లంతట వాళ్లే గుర్తు చేసుకుంటారు.

అంకెలు లేకపోతే కాగితాల్లోకి వెళ్లాలి. పొలాలకైతే సేత్వారు, 1954-55 ఖాస్రా పహాణీ లాంటి పాత భూమి రికార్డులు దొరుకుతాయి. ఆబాదిలోని (ఊరి నివాస స్థలంలోని) ఇళ్లకు అవి పెద్దగా పనికిరావు, పంచాయతీ ఇంటిపన్ను రిజిస్టరు చూడండి. పాత పత్రాలు ఉర్దూలో ఉంటాయి, చదివేవాళ్లను మీ తాలూకాలోనే అడగండి, రిటైరైన టీచర్లు దొరుకుతారు. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో జాగీర్ల కాగితాలు ఉన్నాయి. జాగీర్లు రద్దయింది 1949లో, ఆ సమయంలో చాలా ఆస్తుల లెక్కలు రాయించారు.

ఇంకో ఆధారం ఇనుము. సిమెంటు, ఇనుప గర్డర్లు ఎక్కడ కనిపిస్తే ఆ భాగం తర్వాతది కావచ్చు. మంగళూరు పెంకు మీద ఫ్యాక్టరీ ముద్ర ఉంటుంది, దాన్ని కూడా ఫోటో తీయండి.

ముసలివాళ్లను ఏం అడగాలి?

"ఈ ఇంటి చరిత్ర చెప్పండి" అని మాత్రం అడగొద్దు. ఏ తాతైనా వెంటనే రాజుల కథ ఎత్తుకుంటాడు. ఇంట్లోకి నడిపించుకుని వెళ్లి, ఒక్కో గదిలో నిలబెట్టి, "ఇక్కడ రాత్రి ఎవరు పడుకునేవాళ్లు?" అని అడగండి. "దీపం ఏ గూట్లో పెట్టేవాళ్లు? కాన్పులు ఏ గదిలో? బయట కూర్చునే ఆ మూడు రోజులు ఎక్కడ? శవాన్ని ఏ తలుపు నుంచి తీశారు?" కాళ్లు గుర్తుచేసుకుంటాయి, నోరు చెబుతుంది.

ఇంటి ఆడవాళ్లను విడిగా అడగండి. మగవాళ్ల ముందు అమ్మమ్మలు పెదవి విప్పరు. అదేవిధంగా ఆ ఇంట్లో పనిచేసిన వాళ్లను వాళ్ల ఇంటికి వెళ్లి అడగండి, దొర వాకిట్లో కాదు. వాకిలి ఊడ్చిన మనిషికి ఆ ఇంటి నేల వాలు కూడా తెలుసు, నీళ్లు ఎటు పోతాయో, ఏ బండ కదులుతుందో. నాకు దొరికిన మంచి వివరాల్లో సగం అలా వచ్చినవే. రికార్డింగ్ పెట్టేముందు చెప్పి పెట్టండి, వద్దంటే ఆపేయండి.

మీరు లంకెబిందెల కోసం వచ్చారా?

ప్రతి ఊళ్లోనూ అడుగుతారు. నవ్వుతూ అడిగినా సగం నిజంగానే అడుగుతారు. ఈ జిల్లాల్లో పాత కోటల్లో, పాడుబడ్డ గుళ్లలో గుప్తనిధుల కోసం తవ్విన గుంతలు మీరే చూసి ఉంటారు. కాబట్టి పగటిపూట, నలుగురి ఎదుట, గడ్డపార లేకుండా వెళ్లండి. నేలకు ఒక్క పోటు కూడా వేయవద్దు. నిజంగా ఏదైనా బయటపడితే, 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువ ఉన్నది కలెక్టరుకు తెలియజేయాలి. పది రూపాయలేనా అని నవ్వొస్తుంది, ఆ అంకె అప్పటిది.

గోడలో రాత ఉన్న రాయి, విగ్రహం కనిపిస్తే?

ముట్టుకోకుండా ఫోటో తీయండి. అక్షరాలు కనిపించడానికి చాక్‌పీసు, నూనె, పిండి రుద్దకండి. చీకటి పడ్డాక టార్చిని పక్కనుంచి, దాదాపు రాతికి ఆనించినట్టు పెట్టి వెలిగిస్తే గీతలన్నీ లేచి నిలబడతాయి. నంబరు వన్ చిట్కా ఇది. పురావస్తు శాఖకు తెలియజేయండి. నల్లగొండ పక్కన పానగల్లులో, పాలమూరు పిల్లలమర్రి దగ్గర, ఆలంపురంలో మ్యూజియాలు ఉన్నాయి, అక్కడ అడిగితే దారి చెబుతారు. వందేళ్లు దాటిన శిల్పాలు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి, ఇంటికి తెచ్చి తులసికోట పక్కన పెట్టుకునే వస్తువులు కావు.

మా చుట్టాలది బందరు వైపు, సముద్రం ఒడ్డు పాత బంగళా. పద్ధతి ఇదేనా?

కొలతలు, ఫోటోలు అవే. అక్కడ మూడు విషయాలు ఎక్కువ చూడాలి. ఉప్పుగాలికి గోడల్లో తెల్లగా పొంగే ఉప్పు ఎంత ఎత్తుదాకా వచ్చింది, తుప్పుతో ఉబ్బిన ఇనుము రాతిని ఎక్కడ చీల్చింది, ఇంటి నుంచి ఒడ్డు ఎంత దూరం. మూడోదాన్ని తేదీతో సహా, పోటు ఆటుల సమయం రాసి కొలవాలి, ఒడ్డు కదులుతుంది కాబట్టి. తుపాను నీళ్లు ఏ మెట్టు దాకా వచ్చాయో ఇంటివాళ్లు గుర్తు పెట్టుకుంటారు, బందరు 1864 తుపానును ఇంకా మరవలేదు. మనకు సముద్రం లేదు, గోడ అడుగున చౌడు పొంగు మాత్రం అచ్చం అలాగే ఉంటుంది.

ప్రమాదం ఏమీ లేదా?

ఉంది. మట్టి మిద్దె మీదికి ఎక్కొద్దు, పైకి గట్టిగా కనిపించినా చెదలు కట్టెల్ని తినేసి ఉంటాయి. పాములు, తేళ్లు, కందిరీగల సంగతి చెప్పక్కర్లేదు. అన్నిటికంటే పాతర భయపెడుతుంది. ధాన్యం పాతర మూత తీసి దిగొద్దు, లోపల ఊపిరాడని గాలి నిలిచి ఉంటుంది. పాడుబడ్డ బావి కూడా అంతే. పై నుంచి తాడుకు టేపు కట్టి లోతు కొలవండి.

తీసినవి ఎక్కడ దాచాలి?

మూడు చోట్ల. ఇంటివాళ్లకు ఒక పెన్‌డ్రైవ్, ప్లాన్ ప్రింటు తీసి ఊరి బడికి లేదా గ్రంథాలయానికి ఒకటి, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనో వికీమీడియా కామన్స్‌లోనో ఒకటి. ఇంటివాళ్లు ఒప్పుకుంటేనే బయట పెట్టండి. ఫైలు పేర్లు "ఐఎంజీ" అని వదలొద్దు, ఊరు, గది నంబరు, తేదీ ఉండాలి. నా మొదటి రెండేళ్ల పని ఒకే హార్డ్‌డిస్కులో ఉండేది. అది కింద పడింది. అంతకంటే చెప్పను.

అమెరికాలో 1933లో, ఆర్థిక మాంద్యం రోజుల్లో పనిలేక కూర్చున్న ఆర్కిటెక్టులకు జీతాలిచ్చి పాత కట్టడాలు కొలిపించారు. ఆ డ్రాయింగులు ఇప్పటికీ ఎవరికైనా ఉచితంగా దొరుకుతాయి, వాటిలో కొన్ని ఇళ్లు ఈ రోజు లేవు. మన దగ్గర సివిల్ చదివి ఖాళీగా ఉన్న పిల్లలు మండలానికి వంద మంది దొరుకుతారు. ఎవరైనా వింటున్నారేమో.

దర్వాజా, కంబాలు కొంటామని పాత సామాను వాళ్లు వచ్చారు. ఇవ్వాలా?

మీ ఇష్టం. ఇస్తే ముందు అవి నిలబడి ఉన్నచోట కొలిచి, ఫోటో తీసి, ఎక్కడికి వెళ్తున్నాయో రాసుకోండి. చాలావరకు హైదరాబాదు చుట్టూ ఫామ్‌హౌసులకు వెళ్తాయి. ఒక కంబం, దాని కింది రాతి పీట, పైన ఉన్న బోదె కలిపి ఇవ్వండి, విడదీస్తే విలువ సగమవుతుంది, అర్థం అంతకంటే పోతుంది.

కూల్చే రోజు అక్కడ ఉండాలా?

తప్పకుండా ఉండండి. ఇల్లు తన లోపలి సంగతులన్నీ చూపించేది ఆ ఒక్క రోజే. గోడ చీలినప్పుడు లోపల రాయి ఉందా, మట్టి ఉందా, మధ్యలో చెత్త నింపారా తెలుస్తుంది. సున్నం ఎన్ని పూతలో, ఏ రంగు మీద ఏ రంగో అంచున లెక్కపెట్టవచ్చు. జేసీబీ డ్రైవరుకు పొద్దున్నే టీ ఇప్పించి, ఏ గోడ మొదట పడేస్తాడో అడగండి. వాళ్లు మనం అనుకున్నంత కఠినులు కాదు, పది నిమిషాలు ఆగమంటే ఆగుతారు. పిడికెడు గార, ఒక ఇటుక, ఒక గూన పెంకు కవర్లో వేసి గది నంబరు రాయండి. దుమ్ము లేస్తుంది, ముక్కుకు తువ్వాల కట్టుకోండి.

మా అమ్మమ్మ ఇల్లు కూల్చిన రోజు నేను లేను, హైదరాబాదులో సైటు మీద ఉన్నాను. మేనమామ ఫోన్లో తీసిన వీడియో ఒకటి ఉంది, నలభై సెకన్లది. అందులో వంటింటి గోడ పడుతుంది. పడే ముందు ఒక్క క్షణం, తూర్పు వైపు మూలన, నేల నుంచి కప్పు దాకా నల్లటి మసి పట్టీ కనిపిస్తుంది. పెద్దమ్మ చెప్పిందే కరెక్టు.